నేల ఆర్కిడ్లు ఇంట్లో పెంచడం: ఆకులు కాదు, ముందు మట్టి కింద ఏముందో చూడండి

మీరు అడిగినవి ముఖ్యంగా మూడు విషయాలండి, కాయల్లో గింజలు మొలకెత్తించొచ్చా అన్న ఇంకో చిన్న ప్రశ్న ఆఖర్న చూద్దాం. గ్రౌండ్ ఆర్కిడ్ అని కొన్న ఊదారంగు పూల మొక్కకి ఆకుల చివర్లు నల్లబడుతున్నాయి, కొన్నప్పుడున్న పూలు అయిపోయాక మళ్ళీ కాడ రాలేదు. ఇంకో మొక్క పేరు తెలీదు, దానికి ఆకులన్నీ పసుపుపచ్చబడి రాలిపోయి కుండీలో ఉత్త దుంపలే మిగిలాయి, చచ్చిపోయినట్టేనా, పారేయాలా అని. మూడోది, ఫెలనాప్సిస్‌కి (చెట్ల మీద పెరిగే, ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఆర్కిడ్) వాడే బెరడు ముక్కల్లోనే వీటినీ పెట్టొచ్చా లేక తోట మట్టి వేయాలా అని.

రెండోదాని సంగతి ముందు చెప్తా, అది అర్జెంటు కాబట్టి. పారేయకండి. నీళ్ళు మాత్రం ఇవాళే ఆపేయండి. దుంపని బొటనవేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉంటే అది బతికే ఉంది, నిద్రలో ఉంది అంతే. మెత్తబడి నీరు కారుతూ కుళ్ళు వాసన వస్తుంటే ఆ ఒక్క దుంప పోయినట్టు, దాన్ని కోసి తీసేస్తే పక్కనున్న గట్టివి దక్కుతాయి. నేల ఆర్కిడ్లు పోవడానికి నేను చూసినంతలో అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే, మొక్క నిద్రకి వెళ్తూ ఆకులు రాలుస్తుంటే ఎండిపోతోందేమో అనుకుని ఇంకాస్త ఎక్కువ నీళ్ళు పోసేస్తారు, ఆ టైంలో తాగడానికి పనిచేసే వేళ్ళే దానికి ఉండవు, ఆ నీళ్ళన్నీ దుంప చుట్టూ నిలబడిపోతాయి.

అసలు గొడవంతా ఎక్కడొస్తుందంటే, ఆర్కిడ్ కుటుంబంలో దాదాపు 28,000 జాతులుంటే వాటిలో ఎక్కువ భాగం చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతికేవి, ఇంట్లో పెంచేవాళ్ళ దగ్గర ఎక్కువగా ఉండేవి కూడా అవే. అందుకని ఆర్కిడ్ ఎలా పెంచాలి అని వెతికితే వచ్చే సలహాలన్నీ బెరడు ముక్కలు, పారదర్శకమైన కుండీ, పూర్తిగా ఆరాక నీళ్ళు, ఈ టైపులోనే ఉంటాయి. నేల మీద పెరిగేవాటి లెక్క వేరు. అడవిలో ఇవి రాలిన ఆకులు చివికి తయారైన గుల్ల మట్టిలో, పైపై పొరలోనే పాకుతాయి. వేళ్ళకి సన్నటి నూగు ఉంటుంది, దాంతో చుట్టూ ఉన్న తేమని కొంచెం కొంచెంగా తీసుకుంటాయి. పెద్ద పెద్ద బెరడు ముక్కల మధ్య ఖాళీల్లో ఆ నూగుకి తగిలేది ఏమీ ఉండదు కాబట్టి మొక్క దాహంతోనే ఉంటుంది. అలాగని బంకమట్టి లాంటి తోట మట్టిని కుండీలో నింపితే గాలి ఆడక వేళ్ళు కుళ్ళిపోతాయి. నేల ఆర్కిడ్ అన్నారు కదా నేల మట్టే వేస్తే సరిపోతుంది అనుకోవడం చాలా మామూలు, పేరే అలా ఉంది మరి, కానీ నేలలో పెట్టినప్పుడు నీరు కిందికి దిగిపోవడానికి చోటుంటుంది, అదే మట్టిని కుండీలో వేస్తే అడుగున బురదే మిగులుతుంది.

ఇంకో సంగతి, నేల ఆర్కిడ్ అంటే ఒక రకం మొక్క కాదు. నీళ్ళు ఎంత పోయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తేలాలంటే మట్టి కింద అది తన తిండి ఎక్కడ దాచుకుంటుందో చూడాలి. నేను కొత్త మొక్క ఏది తెచ్చినా పూలు చూసే ముందు మొదలు దగ్గర మట్టి కొంచెం పక్కకి తీసి చూస్తా. దాచుకోవడానికి ఏమీ లేకుండా ఉత్త వేళ్ళు, పాకే కాండం మాత్రమే ఉన్నాయంటే అది ఎప్పుడూ నిద్రపోదు, ఎప్పుడూ పూర్తిగా ఎండనివ్వకూడదు. జ్యువెల్ ఆర్కిడ్లు (అందమైన ఆకుల కోసం పెంచేవి), స్లిప్పర్ ఆర్కిడ్లు (పువ్వులో చెప్పు ముందు భాగంలాంటి సంచి ఉండేవి) ఈ బాపతు. దుంపలుండీ ఏడాది పొడుగునా ఆకులు పచ్చగానే ఉంటే నీళ్ళు ఏడాదంతా ఇవ్వాలి, చల్లటి రోజుల్లో కాస్త తగ్గించాలి. స్పాథోగ్లోటిస్, ఫేయస్, కొన్ని కెలాంతీలు ఇలాంటివి. దుంపలుండీ ఏటా ఆకులు పూర్తిగా రాల్చేవైతే, అంటే బ్లెటిల్లా, ఇంకో రకం కెలాంతీలు, చాలా యూలోఫియాలు, వాటికి ఆకులు రాలాక నీళ్ళు దాదాపు బంద్. చివరిగా, కింద గోలీకాయ సైజు గడ్డ ఒకటో రెండో ఉండి ఏటా పాత గడ్డ పోయి కొత్త గడ్డ తయారయ్యేవి, హెబెనేరియా లాంటివి, వీటికి నిద్రలో పొడిదనం ఇంకా ముఖ్యం. ఈ నాలుగింటిలో మీదేదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు మీ మొదటి మొక్క. ఊదారంగు పూలు, పొడుగ్గా మడతలు మడతలుగా ఉండే ఆకులు, పొడుగాటి కాడ చివర పూలు గుత్తిగా అన్నారు కాబట్టి అది స్పాథోగ్లోటిస్ ప్లికాటానో దాని హైబ్రిడ్డో అయ్యుండాలి. మొదలుపెట్టేవాళ్ళకి దీనికన్నా మంచి నేల ఆర్కిడ్ లేదని నా అభిప్రాయం, వేడిని తట్టుకుంటుంది, సరిగ్గా ఉంటే ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. ఇది పూయకపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం వెలుతురు చాలకపోవడం. ఆర్కిడ్ అంటే నీడ మొక్క అని గదిలో మూల పెట్టేస్తారు. దీనికి రోజుకి నాలుగైదు గంటలు పొద్దుటి నేరుటెండ కావాలి, మధ్యాహ్నం మండే ఎండైతే 30 నుంచి 50 శాతం షేడ్ నెట్ కింద చాలు. ఆకులు ముదురాకుపచ్చగా బాగా పొడుగ్గా సాగి వాలిపోతుంటే వెలుతురు తక్కువని అర్థం, లేతాకుపచ్చగా నిటారుగా ఉంటే సరిపోతోందని. నీడలోంచి ఒక్కసారిగా ఎండలో పెట్టేయకండి, ఆకులు కాలి తెల్లటి మచ్చలు పడతాయి, రెండు మూడు వారాలు తీసుకుని మెల్లగా జరపండి.

దీని దుంప చేమదుంపలా గుండ్రంగా ఉంటుంది, ఒకదాని పక్కన ఒకటి గొలుసుగా వస్తాయి. నాటేటప్పుడు దుంప సగం పైకి కనపడేలా పెట్టాలి. పూర్తిగా పూడ్చేస్తే కొత్త పిలక మొదట్లో నీళ్ళు చేరి కుళ్ళు వస్తుంది, మరీ పైకి పెడితే మొక్క నిలబడక ఊగుతూ కొత్త వేళ్ళు విరిగిపోతాయి. కుండీ లోతు కన్నా వెడల్పు ముఖ్యం. ఇంకోటి, ఈ మొక్కకి ఆకలి ఎక్కువ, మిగతా ఆర్కిడ్లకి ఇచ్చినట్టు చిటికెడు ఎరువుతో సరిపెడితే ఆకులు బతుకుతాయి కానీ పూల కాడ రాదు. 20-20-20 లాంటి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే) నీళ్ళలో కరిగే ఎరువు లీటరుకి అర గ్రాము చొప్పున, కొత్త చిగుళ్ళు పెరుగుతున్నంత కాలం వారానికోసారి ఇవ్వండి. పూసినప్పుడు గమనించండి, కాడ చివర మొగ్గలు మెల్లిగా ఒకటి రెండు చొప్పున విచ్చుకుంటూ వారాల తరబడి వస్తూనే ఉంటాయి, కింద పూలు వాడాయి కదా అని కాడ కోసేయకండి. ఈ జాతిలో చాలా మొక్కలు వాటంతట అవే పరాగసంపర్కం చేసుకుని ప్రతి పువ్వుకీ కాయ కట్టేస్తాయి, ఆ కాయలు మాత్రం గిల్లేయండి, మొక్క బలమంతా వాటికే పోతుంది.

ఆకుల చివర్లు నల్లబడటానికి కారణాలు రెండు మూడుంటాయి, ఎలా నల్లబడ్డాయో చూసి విడదీయొచ్చు. చివర నుంచి మాత్రమే ఎండినట్టు గోధుమరంగు వచ్చి, తర్వాత నల్లబడి, నల్లటికీ పచ్చకీ మధ్య గీత గీసినట్టు స్పష్టంగా ఉంటే అది ఉప్పు పేరుకోవడం, నీళ్ళలోదో ఎరువులోదో కోకోపీట్‌లోదో (కొబ్బరి పీచు పొడి). ఆకు మధ్యలో గుండ్రటి మచ్చలు, చుట్టూ పసుపు వలయం ఉంటే ఫంగస్. ఆకు మొదట్లోంచి నీరు పట్టినట్టు మెత్తబడి ఒకటి రెండు రోజుల్లో పాకిపోతే బ్యాక్టీరియా కుళ్ళు, దీనికి ఆలోచిస్తూ కూర్చోకుండా ఆ భాగాన్ని ఆరోగ్యంగా ఉన్నచోట దాకా కోసేయాలి, మొక్కని గాలి ఆడేచోటికి మార్చాలి, ఆకుల మీద నీళ్ళు పడకుండా చూడాలి. మీరు చెప్పినదాన్ని బట్టి, చివర్లు మాత్రమే అన్నారు, మట్టి మీద తెల్లటి పొర కూడా ఉందన్నారు కాబట్టి ఉప్పే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. నల్లబడిన చివర్లు మళ్ళీ పచ్చగా అవ్వవు, కొత్తగా వచ్చే ఆకులు శుభ్రంగా వస్తున్నాయా లేదా అన్నదే చూసుకోవాలి.

ఉప్పు ఎక్కడినుంచి వస్తుందంటే చాలాసార్లు కోకోపీట్‌లోంచే. ఇటుకల్లా వచ్చే కోకోపీట్‌లో సోడియం, పొటాషియం బాగా మిగిలి ఉంటాయి. నానబెట్టి, పిండి, నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టి, ఇలా కనీసం మూడు సార్లైనా చేయాలి. ఇంకా జాగ్రత్త పడాలంటే ఆఖరి సారి కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి కడిగేస్తే పట్టుకున్న సోడియం వదిలేస్తుంది. నీళ్ళ విషయానికొస్తే, కరిగిన ఉప్పుల్ని పీపీఎంలో (పది లక్షల పాళ్ళకి ఎన్ని పాళ్ళు) చూపించే చిన్న టీడీఎస్ మీటర్ ఒకటి దగ్గరుంటే చాలా ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది. స్పాథోగ్లోటిస్, ఫేయస్ 200 నుంచి 300 పీపీఎం దాకా ఓర్చుకుంటాయి. జ్యువెల్ ఆర్కిడ్లు, స్లిప్పర్లు 100 లోపైతే సంతోషంగా ఉంటాయి, వాటికి వాన నీళ్ళు కానీ ఆర్ఓ నీళ్ళు కానీ మంచివి. ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్ళు మాత్రం ఏ ఆర్కిడ్‌కీ పోయకండి, అది సున్నాన్ని తీసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. నెలకోసారి కుండీ అడుగున ధారగా కారేలా మామూలు నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగేస్తే పేరుకున్నది పోతుంది, కుండీ కింద ప్లేటులో చేరిన నీళ్ళని మాత్రం అలాగే వదిలేయకూడదు, అదే ఉప్పు మళ్ళీ పైకి ఎక్కుతుంది.

మట్టి మిక్స్ అడిగారు కదా. నేను దుంప రకాలన్నిటికీ వాడేది ఇది: కడిగిన కోకోపీట్ రెండు పాళ్ళు, పెర్లైట్ కానీ ప్యూమిస్ కానీ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన రాతి గుళికలు) రెండు పాళ్ళు, సన్న బెరడు ముక్కలు రెండు పాళ్ళు, బాగా చివికిన ఆకుల ఎరువు ఒక పాలు, బొగ్గు ముక్కలు గుప్పెడు. బెరడు 5 నుంచి 10 మిల్లీమీటర్ల సైజు ఉండాలి, పెద్ద ముక్కలు వద్దు. ఆకుల ఎరువు దొరక్కపోతే వర్మీకంపోస్ట్ వేయొచ్చు కానీ అందులో సగమే వేయండి, ఎక్కువైతే కొన్ని నెలల్లో ముద్దగా అయిపోతుంది. పచ్చి పేడ అసలు వద్దు. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పిడికిట్లో తీసుకుని గట్టిగా నొక్కండి, చెయ్యి తెరవగానే విడిపోవాలి, ముద్దలా ఉండిపోతే పెర్లైట్ ఇంకా కావాలి. కుండీలో నింపాక నీళ్ళు పోస్తే కొన్ని సెకన్లలోనే అడుగునుంచి కారాలి, పైన మడుగు కట్టకూడదు. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు, ఈ మిక్స్ మామూలుగా ఆ లోపలే ఉంటుంది కాబట్టి దాని గురించి బెంగ పెట్టుకోవద్దు. ఇది కూడా శాశ్వతం కాదు, రెండేళ్ళలో చివికి సన్నబడిపోతుంది, మొక్క బాగానే ఉన్నట్టు కనిపించినా మార్చాల్సిందే.

ఆకులు రాలిన మీ రెండో మొక్క ఏదో దుంప చూస్తే చాలావరకు తేలిపోతుంది. దుంపలు మట్టిపైకి నిలబడి, పైన వెండి రంగు పల్చటి పొర ఉండి, గీతలు తేలి కోణాలుగా ఉంటే ఆకురాల్చే కెలాంతీ, అంటే కెలాంతీ వెస్టీటా కానీ దాని హైబ్రిడ్లు కానీ. మట్టిలోనే ఉండి, చదునుగా, పైన వలయాల్లా గీతలుంటే బ్లెటిల్లా. ఆకుపచ్చగా, కణుపులు కణుపులుగా ఉంటే యూలోఫియాల్లో ఏదో ఒకటి. కెలాంతీ అయితే మీకో మంచి కబురు ఏంటంటే, ఆకులు లేని ఆ బోడి దుంప మొదట్లోంచే పూల కాడ వస్తుంది, చాలామంది పూయబోయే మొక్కనే చచ్చిందనుకుని పారేస్తారు. మనుషులు రెండు ఆర్కిడ్లని కలిపి పెంచగా మొట్టమొదట పూసిన హైబ్రిడ్ కూడా కెలాంతీనే, ఇంగ్లండ్‌లో వీచ్ నర్సరీలో పనిచేసిన జాన్ డామినీ చేసింది, 1856లో పూసింది, కెలాంతీ డామినీ అని ఆయన పేరే పెట్టారు. అంతకాలంగా కుండీల్లో పెంచుతున్న మొక్క ఇది, భయపడాల్సిందేమీ లేదు.

దీన్ని నిద్రలో ఎలా ఉంచాలంటే, పాత మట్టిలోనే ఉంచి నీళ్ళు ఆపేసి, వెలుతురున్న పొడి చోట, వాన తగలకుండా పెట్టండి. దుంప మరీ ముడతలు పడుతుంటే రెండు మూడు వారాలకోసారి కుండీ అంచున కొంచెం తడపండి చాలు. పూల కాడ వస్తుంటే కూడా అతిగా పోయకండి. పూలయ్యాక కొంతకాలానికి దుంప మొదట్లో కన్ను ఉబ్బి కొత్త చిగురు కనిపిస్తుంది, కొత్త మట్టిలోకి మార్చాల్సిన టైం అదే. పాత ఎండు వేళ్ళు కత్తిరించేసి, నాలుగైదు సెంటీమీటర్లు మాత్రం దుంపని మట్టిలో నిలబెట్టడానికి ఉంచుకుని, కొత్త మిక్స్‌లో నాటండి. మార్చిన వెంటనే నీళ్ళు గుమ్మరించకండి! కొత్త వేళ్ళు రెండు మూడు సెంటీమీటర్లు వచ్చేదాకా మట్టి నెమ్ముగా ఉంటే చాలు, ఆకు విచ్చుకోవడం మొదలయ్యాక నీళ్ళూ ఎరువూ రెండూ దండిగా ఇవ్వొచ్చు. ఇక్కడ తొందరపడితే కొత్త చిగురు గరాటులో నీళ్ళు నిలబడి ఒక్క రాత్రిలో నల్లబడి ఊడొస్తుంది, ఆ ఏడాదికి ఇంకో చిగురు వస్తుందన్న గ్యారంటీ లేదు. బ్లెటిల్లా అయితే ఇంకా సులువు, చలికి బాగా తట్టుకుంటుంది, చలికాలమంతా నిద్రపోయి వెచ్చబడగానే లేస్తుంది, విడదీయాలంటే చిగురు రాబోయే ముందు విడదీయాలి, ఒక్కో ముక్కకి రెండు మూడు దుంపలైనా ఉంచాలి.

ఫేయస్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను, స్పాథోగ్లోటిస్ కుదురుకున్నాక నెక్స్ట్ పెంచాల్సింది అదే. ఫేయస్ టాంకర్విలియే, మీటరు దాకా ఎత్తు పెరుగుతుంది, పూల వెనక తెలుపు, లోపల గోధుమరంగు, పెదవి (మిగతావాటికన్నా వేరుగా ఉండే మధ్య రేకు) ఊదారంగు. పెద్ద కుండీ, సగం నీడ, తడి ఎప్పుడూ తగ్గకుండా ఉండే మట్టి కావాలి, చలికాలం రాత్రులు కాస్త చల్లబడితేనే మొగ్గ కడుతుంది. వేళ్ళు కదిలిస్తే అలుగుతుంది కాబట్టి పూలయిన వెంటనే ఒక్కసారే మార్చి మళ్ళీ రెండు మూడేళ్ళు ముట్టుకోకండి. దీని పూలు కానీ కెలాంతీ పూలు కానీ నలిగితే ఆ చోట నీలంగా, నల్లగా అవుతుంది, అది రోగం కాదు, వాటిలో ఇండికన్ అనే పదార్థం ఉంటుంది, గాయమైతే అది నీలిమందుగా మారుతుంది. పిలకలు చేసే పద్ధతి నాకు చాలా ఇష్టం: పూలు రాలిపోయాక పచ్చగా ఉన్న కాడని కోసి, రెండు మూడు కణుపులుండేలా ముక్కలు చేసి, తడిపి పిండిన స్ఫాగ్నమ్ మాస్ (ఎండబెట్టి అమ్మే నాచు) మీద పడుకోబెట్టి, మూత ఉన్న ట్రేలో నీడలో ఉంచితే కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లోపు కణుపుల దగ్గర చిన్న మొక్కలు వస్తాయి, వాటికి వేళ్ళు వచ్చాక విడదీసి నాటుకోవచ్చు.

ఇంట్లో ఎండ తగలని కిటికీ ఒక్కటే ఉంటే జ్యువెల్ ఆర్కిడ్లే దిక్కు, అది తక్కువేం కాదు. లూడీసియా డిస్కలర్ తో మొదలుపెట్టండి, ముదురు మెరూన్ ఆకుల మీద రాగి రంగు గీతలు, పూలు చిన్నవి తెల్లవి వస్తాయి కానీ పెంచేది ఆకుల కోసమే. దీనికి దుంప లేదు, పాకే కాండం ఉంటుంది, కణుపు కణుపుకీ వేరు వస్తుంది కాబట్టి లోతు లేని వెడల్పు కుండీలో, ఎరువు లేని స్ఫాగ్నమ్, పెర్లైట్, సన్న బెరడు మిక్స్‌లో పెట్టాలి. రెండు మూడు కణుపులున్న ముక్క విరిచి తడి మాస్ మీద పెడితే వేరు పట్టేస్తుంది. నేరుటెండ వద్దు, ఎండ పడితే ఆకు రంగు వెలిసిపోతుంది. ఎరువు స్పాథోగ్లోటిస్‌కి ఇచ్చేదాంట్లో సగం బలంతో నెలకి రెండు సార్లు చాలు. బంగారు గీతలుండే మాకోడెస్ పెటోలా, ఎనెక్టోకైలస్ చూడటానికి ఇంకా అద్భుతంగా ఉంటాయి గానీ వాటికి గాలిలో తేమ బాగా కావాలి, మూత ఉన్న గాజు పెట్టె లేకుండా మామూలు గదిలో పెడితే చాలాసార్లు ఆకు అంచులు ఎండిపోతాయి, లూడీసియాని ఏడాది బాగా పెంచాక వాటి జోలికి వెళ్ళమంటా.

హెబెనేరియా, పెక్టైలిస్ లాంటి గడ్డ రకాలు చవగ్గా గడ్డలుగానే దొరుకుతుంటాయి కాబట్టి చాలామంది కొనేస్తారు, మరుసటి ఏడాది ఒక్కటీ లేవదు. జరిగేది ఏంటంటే, మొక్క పెరుగుతున్నప్పుడే కింద కొత్త గడ్డ తయారవుతుంటుంది, పాత గడ్డ ఖర్చైపోతుంది. పూలయిపోయాయి కదా అని వెంటనే నీళ్ళు ఆపేస్తే కొత్త గడ్డ చిన్నగా ఉండిపోయి మరుసటి ఏడాది లేవలేదు, ఆకులు పూర్తిగా ఎండాక కూడా నీళ్ళు పోస్తూ ఉంటే గడ్డ కుళ్ళిపోతుంది. కాబట్టి పూలయ్యాక కూడా ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్ళూ నీళ్ళూ కాస్త ఎరువూ ఇస్తూనే ఉండాలి, ఆకులు పసుపు తిరిగాక తగ్గిస్తూ వచ్చి, పూర్తిగా ఎండాక ఆపేయాలి. వీటి మిక్స్‌లో సగం దొడ్డు ఇసుకో పెర్లైటో ఉండాలి. గడ్డల్ని తీసి పొడి కోకోపీట్‌లో దాచొచ్చు, కుండీలోనే ఉంచేయొచ్చు కూడా, కుండీలో ఉంచితే మీద పేరు, నిద్రలో ఉంది అని రాసిన చీటీ తప్పకుండా గుచ్చండి, ఇంట్లో ఎవరో ఒకరు ఖాళీ కుండీ అనుకుని నీళ్ళు పోస్తారు.

సైప్రిపీడియం అని చల్లటి ప్రాంతాల స్లిప్పర్ ఆర్కిడ్ ఫోటోలు చూసి చాలామంది మోజు పడతారు. దానికి ఏటా మూడు నెలలకి పైగా 5 డిగ్రీల లోపు చలి కావాలి, అంత చలి రాని చోట కొనకండి, డబ్బు దండగ అవ్వడం కన్నా మంచి మొక్క పాడవుతుందని నా బాధ. వెచ్చటి చోట్ల స్లిప్పర్ కావాలంటే ఆకుల మీద మచ్చలుండే పేఫియోపీడిలమ్ రకాలున్నాయి, గది వాతావరణంలో బాగా బతుకుతాయి, సన్న బెరడులో కొంచెం పెర్లైట్ కలిపి పెట్టి ఎప్పుడూ నెమ్ము తగ్గకుండా చూస్తే చాలు.

పురుగుల్లో ఎక్కువ బాధపెట్టేది ఎర్రనల్లి. మడతల ఆకులున్నవాటికి గాలి పొడిగా ఉన్నప్పుడు ఆకు కింది వైపు పడుతుంది, ఆకు పైన సన్న సన్న తెల్లటి చుక్కలు కనపడితే తిప్పి చూడండి. నీళ్ళు జోరుగా కొట్టి ఆకు కింద కడిగేయడం, వారం తేడాతో రెండు మూడు సార్లు వేపనూనె లీటరుకి 3 మిల్లీలీటర్లు, చుక్క సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టడం, ఇంతే. పిండినల్లి ఆకు తొడుగు లోపల దాక్కుంటుంది, ఎండిన తొడుగులు ఒలిచేస్తే దానికి చోటుండదు. నత్తలు పూల కాడ లేతగా ఉన్నప్పుడు రాత్రిపూట కొరికేస్తాయి, టార్చి పట్టుకుని ఏరడమే. మొక్క మొదట్లో తెల్లటి దారాల్లా అల్లుకుని, ఆవాల సైజులో గోధుమరంగు గింజల్లాంటివి కనపడితే అది స్క్లెరోషియం కుళ్ళు, ఆ మట్టి మొత్తం పారేసి కుండీని బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి, ఆ మట్టిని ఇంకో మొక్కకి వాడకూడదు. ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ చారలు అడ్డదిడ్డంగా వస్తూ పూల రంగు మొజాయిక్‌లా చీలిపోతే సింబిడియం మొజాయిక్ వైరస్ లాంటిది అయ్యుండొచ్చు, వైరస్‌కి మందు లేదు, కత్తెర ద్వారా పాకుతుంది కాబట్టి ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్ళేముందు బ్లేడుని మంటమీద కాల్చడం అలవాటు చేసుకోండి.

కాయల్లో గింజలు తీసి మొలకెత్తించొచ్చా అన్నారు. కుండీలో చల్లితే దాదాపు రావు. ఆర్కిడ్ గింజ దుమ్ములా ఉంటుంది, లోపల మొలకకి తినడానికి దాచిపెట్టిన తిండి ఉండదు, అడవిలో ఒక ఫంగస్ దాని లోపలికి చేరి తిండి అందిస్తేనే మొలకెత్తుతుంది. ఈ సంగతి 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టాడు, 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ లాంటిది) మీద ఫంగస్ లేకుండానే మొలకెత్తించొచ్చని చూపించాడు, ఇవాళ నర్సరీల్లో మనం కొనే మొక్కల్లో చాలా భాగం ఆ పద్ధతి పుణ్యమే. స్పాథోగ్లోటిస్‌కి మాత్రం తల్లి మొక్క కుండీలో అప్పుడప్పుడు వాటంతట అవే చిన్న మొలకలు కనపడుతుంటాయి, కలుపు అనుకుని పీకేయకుండా చూడండి. గింజల కన్నా సులువైన దారి పాత దుంపలు: గొలుసులో వెనక ఉన్న ఆకుల్లేని దుంపని విడదీసి, కోసినచోట రెండు రోజులు ఆరనిచ్చి, తడి మాస్‌లో నీడలో పెడితే పక్కనుంచి కొత్త కన్ను లేస్తుంది.

ఆ ఫంగస్ వల్లే, అడవిలోంచి నేల ఆర్కిడ్లు తవ్వి తెచ్చుకోవద్దని చెప్పేది. ముఖ్యంగా గడ్డ రకాలు పెద్దయ్యాక కూడా చాలావరకు తమ చోటి ఫంగస్ మీద ఆధారపడతాయి, కుండీలోకి తెస్తే ఒకటి రెండేళ్ళు దాచుకున్న గడ్డ బలంతో లేచి తర్వాత కనపడకుండా పోతాయి. ఆర్కిడ్లన్నీ సైటిస్ (అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించేది) ఒప్పందం కింద ఉన్నాయి, పేఫియోపీడిలమ్ అయితే మరీ కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. నర్సరీలో పెంచినవో టిష్యూ కల్చర్‌వో (ల్యాబులో చిన్న ముక్క నుంచి పెంచినవి) అడిగి తీసుకోండి, వేళ్ళు అన్నివైపులా కుండీ ఆకారంలో అల్లుకుని ఉంటే అక్కడ పెరిగినదే, వేళ్ళు తెగి, ఆకులు చినిగి, దుంపల సైజులు ఒక్కోటి ఒక్కోలా ఉంటే అనుమానించాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: స్పాథోగ్లోటిస్‌ని ముందు మామూలు నీళ్ళతో బాగా కడిగేసి, రెండు వారాలు ఎరువు ఆపి, మెల్లగా పొద్దుటెండలోకి జరపండి. కొత్త పిలకలు మొదలవుతుంటే అప్పుడే పైన చెప్పిన మిక్స్‌లోకి మార్చేయండి, పిలకలు లేకపోతే వచ్చేదాకా ఆగండి. కాడ రావడానికి ఒక పిలక పూర్తిగా ఎదగాలి, కాబట్టి కొన్ని నెలలు ఓపిక పట్టాలి. రెండోదాన్ని పొడిగా పెట్టి వారానికోసారి నొక్కి చూడండి. ఇంకా దుంప దగ్గరగా కనపడేలా ఒక ఫోటో, పాత ఆకు ఎండినదైనా సరే ఒకటుంటే దాని ఫోటో పంపండి, పైన వెండి పొర ఉందా లేదా, మట్టిలో ఎంత లోతున ఉంది అన్నది కూడా రాయండి, అప్పుడు అది కెలాంతీనా యూలోఫియానా, నీళ్ళు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కచ్చితంగా చెప్తాను.